టమోటా తొక్క మీద పది లైన్లు

ఆ రోజుల్లో నాకు ఇంగ్లీషంటే భక్తి ఉండేది, భయమూ ఉండేది, సిగ్గు మాత్రం ఉండేది కాదు. అదొక్కటి ఉండుంటే ఈ కథ జరిగేదే కాదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుందేమో అనుకుంటారు మీరు. రాదు. ముందు ఒళ్ళు మండుతుంది, ఆ మంట చల్లారాక ఎప్పుడో నవ్వొస్తుంది. మనవాళ్ళు కాలికి రాయి తగిలి బొటనవేలు చిట్లితే "దెబ్బ తగిలింది" అంటారు, ఇంత పసుపు అద్దుకుంటారు, పనిలో పడతారు. అదే ముక్క ఇంగ్లీషులో చెప్పాల్సి వస్తే మాత్రం ఎందుకో మనకు పూనకం వస్తుంది. చిట్లిన వేలు కాస్తా విరిగిన కాలవుతుంది, ఒలికిన టీ అగ్నిప్రమాదమవుతుంది. నాకూ ఆ పూనకం వచ్చింది. దాని దెబ్బ నాకు తగిలుంటే ఏ బాధా లేదు, ఇంకొక మనిషికి తగిలింది. అందుకే ఈ కోపం.

నాకు పూనకం తెప్పించిన మహానుభావుడు మదనపల్లెలో బెంగుళూరు బస్టాండుకు దగ్గర, ఒక ఎరువుల అంగడి పైన మేడ మీద, స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులు చెప్పేవాడు. మేమంతా ఆయన్ని వొకాబులరీ సారు అనేవాళ్ళం. మాది కురబలకోట పక్క పల్లె, గొర్రెలు మేపుకునే ఇల్లు. డిగ్రీ ముగించి ఖాళీగా కూర్చున్న నన్ను మా నాయన "ఇంగిలీసు నేర్సుకోప్పా, గొర్రెలెనక తిరిగే బాధ నాతోనే పోనీ" అని ఆ మేడ ఎక్కించాడు. వొకాబులరీ సారు మొదటి రోజే నోటుబుక్కులో ప్రతి పేజీకీ నడిమధ్యన గీత గీయించాడు. ఎడమ పక్క చిన్న మాటలు, కుడి పక్క పెద్ద మాటలు. ఎడమ పక్క 'ఫెల్' అని ఉంటే కుడి పక్క 'కొలాప్స్‌డ్'. ఎడమ పక్క 'హర్ట్' అయితే కుడి పక్క 'గ్రీవియస్లీ ఇంజూర్డ్'. వారం తిరిగేసరికి కుడి పక్కంతా కంఠతా వచ్చేయాలి, వచ్చాక ఎడమ పక్క మాటల్ని ఎర్ర పెన్నుతో కొట్టేయాలి. "చిన్న మాటలు అయిదో తరగతి పిల్లోనికీ వస్తాయప్పా. మీకు ఆ పిల్లోని ఉద్యోగం కావల్నా, ఆఫీసరు ఉద్యోగం కావల్నా?" అని గర్జించేవాడు. (అయిదో తరగతి పిల్లవాడికి ఉద్యోగం ఎవరిస్తారు సార్ అని మాలో ఒక్కడూ అడగలేదు. అడిగేంత తెలివుంటే ఆ మేడ ఎందుకు ఎక్కుతాం?) నేను ఆ ఎర్ర గీతలు స్కేలు పెట్టి మరీ కొట్టాను. మాటలు ఎందుకున్నాయో తెలియకుండానే వాటిని కొట్టేయడం నేర్చుకున్నాను.

ఆ కుడి పక్క మాటలతోనే పుంగనూరు అవతలున్న ఒక టమోటా పల్పు ఫ్యాక్టరీలో సేఫ్టీ అసిస్టెంటుగా చేరాను. పేరు గొప్పగా ఉంది గానీ పని ఒక్కటే. లోపల ఎవరికి ఏ చిన్న దెబ్బ తగిలినా ఇంగ్లీషులో ఒక ఫారం నింపి, బెంగుళూరులోని హెడ్డాఫీసుకు మెయిలు పెట్టాలి. ఆ ఫారంలో "ఏమి జరిగింది" అన్నచోట పది లైన్లు గీసి ఉండేవి. మా మేనేజరుకు ఆ పది లైన్లూ నిండాల్సిందే. మొదటి ఫారంలో నేను మూడు లైన్లు రాసి ఇస్తే దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, "ఏమప్పా, ఇంత జాగా యాల వదిలిపెట్టినావు? వీళ్ళు పని చేయకుండా కూసోనుండారు అనుకోరా హెడ్డాఫీసోళ్ళు?" అని తిరిగి నా మొహాన కొట్టాడు. ఆ పూటనుంచీ ఆయన నాకు పది లైన్ల సారు.

మూడు లైన్ల దెబ్బను పది లైన్లకు సాగదీయాలంటే ఏం చేయాలి? నా నోటుబుక్కు ఉండనే ఉంది. వాచ్‌మన్ ప్యాంటు మీద టీ ఒలికితే 'సివియర్ బర్న్స్' అని రాశాను. ఎలక్ట్రీషియన్ తల షట్టరుకు తగిలి బొప్పి కడితే 'హెడ్ ట్రామా' అని రాశాను. (ఆ ఎలక్ట్రీషియన్ అదే బొప్పితో ఆ సాయంత్రం పెళ్ళిచూపులకు కూడా పోయివచ్చాడు, సంబంధం కుదిరింది కూడా.) పది లైన్ల సారు ఫారం చూసి "ఇప్పుడు బాగుండాది" అనేవాడు. చదివేవాడు కాదు, లైన్లు లెక్కపెట్టేవాడు. అటు హెడ్డాఫీసులోనూ ఎవరూ చదివేవాళ్ళు కారని నాకు తర్వాత తెలిసింది. వాళ్ళ ఫైలు నిండేది, మా లైన్లు నిండేవి, అందరమూ సుఖంగా ఉండేవాళ్ళం. ఇంతలో హెడ్డాఫీసులో ఎవరో కొత్త మేడం చేరింది. ఆమెకు చదివే అలవాటుంది.

సరిగ్గా ఆ వారమే కుప్పమక్క జారిపడింది. ఈమె గురించి చెప్పాలి. పుట్టిల్లు కుప్పం, మెట్టినిల్లు పుంగనూరు. అందుకని ఫ్యాక్టరీలో అందరికీ కుప్పమక్క. పల్పు తీసే ముందు టమోటాలు కడిగి బెల్టు మీద వదులుతారు. బెల్టుకు రెండు పక్కలా ఆడవాళ్ళు నిలబడి పచ్చివీ, కుళ్ళినవీ ఏరి పారేస్తారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడే పని, కింద ఎప్పుడూ తడే. ఆమె పదైదేళ్ళుగా ఆ బెల్టు దగ్గరే నిలబడుతోంది, మోకాళ్ళు అరిగిపోయాయి. ఆ ఏడు కూలీలను పెట్టే కాంట్రాక్టరు దయతలచి, వచ్చే సోమవారం నుంచి ఆమెను లైను మేస్త్రీగా పెడతానన్నాడు. లైను మేస్త్రీ అంటే బెల్టు కొసన ఎత్తు స్టూలు మీద కూర్చుని అందరి పనీ చూడటం. ఆమెకు మేస్త్రీ హోదా మీద కంటే ఆ స్టూలు మీదే మనసు. "సోమవారం కాడ్నించి నేను కూసుంటానప్పా" అని కనబడిన వాళ్ళందరికీ చెప్పుకుంది, నాకైతే రెండుసార్లు చెప్పింది.

గురువారం పూట ఆమె టమోటా తొక్క మీద కాలేసి సర్రున జారి చతికిలబడింది. మొదట నవ్వింది ఆమే, ఆమె నవ్వాక మిగతావాళ్ళు నవ్వారు. లేచి, కొళాయి దగ్గర మోచెయ్యి కడుక్కుని, చీర పిండుకుని మళ్ళీ బెల్టు దగ్గర నిలబడింది. నేను ఫారం పట్టుకుని పరిగెత్తుకుంటూ పోయేసరికి ఆమె పచ్చికాయలు ఏరుతోంది.

"పడినావంట కదక్కా?"

"టమోటా తొక్క మీద జారినా, పడినా, లేసినా. మోచెయ్యి రవ్వంత గీసుకోని పోయింది. యాలప్పా, దీన్ని గూడా రాసుకుంటావా?"

"రూలుండాదక్కా."

"రాసుకో, రాసుకో. నా పేరు మాత్రం అందంగా రాయి."

ఆమె చెప్పింది ముక్కకు ముక్క ఇంగ్లీషులో పెడితే రెండు లైన్లు. వొకాబులరీ సారు, పది లైన్ల సారు ఇద్దరూ నా రెండు భుజాల మీదా కూర్చున్నారు. నేను రాసినదానికి తెలుగు ఇది: "బాధితురాలు విధి నిర్వహణలో ఉండగా హఠాత్తుగా కుప్పకూలింది. మోచేతికి, తుంటికి, వెన్నుపూసకు బహుళ గాయాలయ్యాయి. తీవ్రమైన మానసిక ఆఘాతానికి లోనైంది. తోటి కార్మికుల్లో భయాందోళనలు నెలకొన్నాయి." అంతా కలిపినా తొమ్మిది లైన్లే అయింది. పదో లైనుకు "ప్రస్తుతం ఆమె పరిస్థితి నిలకడగా ఉంది" అని చేర్చాను. (ఆ సమయంలో ఆమె క్యాంటీన్ అరుగు మీద కూర్చుని ఉడకబెట్టిన చెనిక్కాయలు ఒలుచుకుని తింటోంది.) రాసింది ఒకసారి చదువుకుని మురిసిపోయాను కూడా. ఆ మురిపెం గుర్తొస్తే ఇప్పటికీ నన్ను నేనే చెంప మీద కొట్టుకోవాలనిపిస్తుంది.

శుక్రవారం సాయంత్రం హెడ్డాఫీసు నుంచి మెయిలొచ్చింది. ఇంత పెద్ద ప్రమాదం జరిగితే ఫోను కూడా ఎందుకు చేయలేదు, ఆమెను ఏ ఆసుపత్రిలో చేర్చారు, పూర్తిగా కోలుకుందని డాక్టరు సర్టిఫికెట్ ఇచ్చేదాకా గేటు లోపలికి రానివ్వకండి అని. శనివారం పొద్దున వాచ్‌మన్ ఆమెను గేటు బయటే నిలిపేశాడు. టిఫిన్ క్యారియరు చేతిలో పట్టుకుని ఆమె, కాగితం చేతిలో పట్టుకుని పది లైన్ల సారు, ఇద్దరి మధ్యా కమ్మీల గేటు. నేను ఈ పక్క.

"సార్, ఆయక్క ఈడే నిలబడుకోని ఉండాది. బాగుండాది సార్, చూడండి" అన్నాను.

"నేను సూసి ఏం చేసేదప్పా? పేపర్లో పడిపోయి ఉండాది కదా."

"ఆ పేపరు తప్పు సార్. తప్పని రాసి పంపిద్దాం."

"దాని కింద సంతకం ఎవరిది? నాది. తప్పుడు కాగితానికి సంతకం పెట్టినానని నేనే రాసి పంపించేదా? బలే సెప్తాండావే!"

కుప్పమక్క మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, చివరికి నన్నే అడిగింది. "ఏం రాసినావప్పా నా మీద?" నేనేదో ఫిర్యాదు చేసినట్టు అడిగింది. తప్పేముంది, నేను చేసింది అంతకంటే మేలైన పనేం కాదు. ఆమెను వెంటబెట్టుకుని మదనపల్లెలో ఒక ఎముకల డాక్టరు దగ్గరకు బస్సెక్కాను. ఆయన ఆమెను నడిపించాడు, వంగమన్నాడు, లేవమన్నాడు, మోకాళ్ళు మాత్రం అరిగినాయని చెప్పి, మోచెయ్యి చూసి నా వైపు తిరిగాడు. "వెన్నుపూస గాయం తగ్గిందని రాయమంటాండావు. తగ్గాలంటే ముందు ఉండల్ల కదప్పా? లేని జబ్బు తగ్గిందని నేనెట్ల రాసిచ్చేది?" అన్నాడు. అన్నది న్యాయమే. ఆఖరికి "ఏ గాయమూ లేదు, పని చేసుకోవచ్చు" అని రాసిచ్చాడు. దాన్ని ఫోటో తీసి హెడ్డాఫీసుకు పంపాను.

సోమవారం జవాబొచ్చింది. ప్రమాదం రోజున బహుళ గాయాలున్నాయని మీ రిపోర్టు చెబుతోంది, రెండు రోజుల్లో ఏ గాయమూ లేదని డాక్టరు చెబుతున్నాడు, కాబట్టి డాక్టరు మీదే మాకు అనుమానంగా ఉంది, వెన్నుపూసకు స్కానింగు చేయించండి, మానసిక ఆఘాతానికి మనోవైద్యుడి దగ్గర వేరే సర్టిఫికెట్ తీసుకోండి. నా ఇంగ్లీషు అంత బలంగా ఉంది మరి! డాక్టరు కంటే ఎక్కువగా నమ్మేశారు. ఇది విన్న కుప్పమక్క బ్యాగు సర్దుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది. కాంట్రాక్టరేమో "బుధవారం దంకా సూస్తాను. రాకుంటే స్టూలు ఇంకొకరికి ఇచ్చేస్తా" అన్నాడు.

మంగళవారం నేను లీవు పెట్టి, పలమనేరులో బస్సు మారి కుప్పం చేరాను. దారంతా నిలబడే వెళ్ళాను, దారంతా తిట్టుకుంటూనే వెళ్ళాను. వొకాబులరీ సారును, పది లైన్ల సారును, చదివే మేడాన్ని వరసపెట్టి తిట్టి, వి.కోట దాటాక తిట్టడానికి ఇంకెవరూ మిగలక నన్ను నేను తిట్టుకున్నాను. రైలు పట్టాల అవతల వాళ్ళ అమ్మగారిల్లు. కుప్పమక్క వాకిట్లో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. కూర్చోమనలేదు. "ఏం రాసినావో సదువు. తెలుగులో సదువు" అంది. ఫోన్లో ఉన్నదాన్ని చూసుకుంటూ తెలుగులో చదివాను. కుప్పకూలడం, బహుళ గాయాలు, భయాందోళనలు, పరిస్థితి నిలకడగా ఉండటం, అన్నీ చదివాను. ఆమె చెయ్యి ఆపకుండా విని, "అయ్యో పాపం, ఎవరప్పా ఈయమ్మ? బతికిందా?" అంది.

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వే నేను చేసిన రెండో తప్పు. ఆమె చింతపండు పక్కకు నెట్టి లేచి నిలబడింది.

"నవ్వుతాండావా? పదైదేండ్లు ఆడ నిలబడినా నేను. మోకాళ్ళు పొయినాయి. దాని గురించి ఒక్కరన్నా, ఒక్క లైనన్నా రాసినారా? రవ్వంత జారితే పది లైన్లు రాసినావు. నీకు నా దెబ్బ కావల్నా, నీ ఇంగిలీసు కావల్నా?"

అక్కడే అరుగు మీద కూర్చుని ఫోను తీశాను. జారడానికి ఇంగ్లీషులో మాట కావాలి. ఎదురుగా మనిషి నిలబడుంది, జరిగింది నాకు తెలుసు, మాట మాత్రం రావటం లేదు. వచ్చిన ప్రతి మాటా పేపర్లో మొదటి పేజీ వార్తలాగే ఉంది. నేను స్కేలు పెట్టి మరీ కొట్టేసిన ఎడమ పక్క మాటలు కావాలి నాకు. 'స్లిప్' అని గుర్తొచ్చేసరికి చెమట పట్టింది, గీసుకుపోవడానికి 'స్క్రేప్' అని వెతుక్కునేసరికి పావుగంట పట్టింది. ఆఖరికి మెయిలు పూర్తయింది. "ఆమె టమోటా తొక్క మీద జారింది. కింద పడింది. లేచింది. మోచెయ్యి కొంచెం గీసుకుపోయింది. కడుక్కుని పనిలోకి వెళ్ళింది. మిగతాదంతా నేను రాసిందే, జరిగింది కాదు. తప్పు నాది." పది లైన్ల సారుకు చూపించకుండా నేరుగా ఆ మేడానికే పంపాను. పంపేముందు తెలుగులో చదివి వినిపించాను. కుప్పమక్క విని, "ఊ. ఇది నేనే" అంది.

తిరుగు బస్సు వి.కోట చేరకముందే జవాబొచ్చింది. ఆమెను పనిలోకి తీసుకోండి అని ఒక లైను. మీరు రాసిన రిపోర్టు నాకు అర్థం కావడం ఇదే మొదటిసారి అని ఇంకో లైను. బుధవారం పొద్దున కుప్పమక్క గేటు దాటి లోపలికి వచ్చింది. అంతా బాగానే అయిందని మీరనుకుంటున్నారు. నేనూ అలాగే అనుకుని ఆమె వెనకే బెల్టు దాకా వెళ్ళాను. స్టూలు మీద కాంట్రాక్టరు మరదలు కూర్చోనుంది. బుధవారం దాకా చూస్తానన్న పెద్దమనిషి మంగళవారమే కూర్చోబెట్టేశాడు. నేను వెళ్ళి గొడవ పెట్టుకుంటే, "నువ్వే కదప్పా రాసినావు నడుము పొయ్యిందని? నడుము లేని మనిసిని మేస్త్రీని చేస్తే రేపు నామీదకి రాదా?" అన్నాడు. వాడికి నా రాత ఎంత అక్కరకొచ్చిందో చూడండి! కుప్పమక్క కొంగు నడుముకు బిగించి తన పాత జాగాలో నిలబడింది. నావల్ల ఆ సీజనంతా అలా నిలబడే ఉంది. దీన్ని మర్యాదగా చెప్పే మాట నాకు తెలుగులోనూ తెలియదు. చాలా అన్యాయం చేశాను.

పది లైన్ల సారు తన సంతకాన్ని కాపాడుకోవడానికి నాకొక మెమో ఇచ్చాడు. అందులో ఎన్నో పెద్ద మాటలున్నాయి, వాటిల్లో ఒక్కటీ ఎక్కువ కాదనిపించి తీసుకున్నాను. అంతకంటే బాధ కలిగించింది వేరే ఉంది. ఆ తర్వాత ఫ్యాక్టరీలో దెబ్బలు తగలడం ఆగిపోయింది. ఆగలేదు, నాకు చెప్పడం ఆగిపోయింది. ఒకరోజు కుప్పమక్కే చేతిని కొంగులో చుట్టుకుని ఉంటే పట్టుబట్టి చూశాను. క్రేటు రేకు కోసుకుని వేలు బాగానే తెగింది. "నీకు సెప్తే చెయ్యే పొయ్యిందని రాస్తావని సెప్పలేదప్పా" అంది. ఆమెను ఫస్టెయిడు గదికి తీసుకుపోయి కట్టు కట్టించి, ఫారం ఆమె ముందే పెట్టుకుని, చెప్పింది చెప్పినట్టు రాసి, తెలుగులో చదివి వినిపించాకే సంతకం చేయించుకున్నాను. ఎవరి దెబ్బ వాళ్ళకు చదివి వినిపించే ఆ అలవాటు అప్పటినుంచీ నన్ను వదల్లేదు. జనం మళ్ళీ నాకు చెప్పుకోవడానికి మాత్రం ఏడాది పట్టింది. ఆ ఏడాది గడిచాకే, కాంట్రాక్టరు మారాక, కుప్పమక్కకు ఆ స్టూలు దక్కింది.

నేనింకా ఆ ఫ్యాక్టరీలోనే ఉన్నాను, నాకు ముప్పై ఏళ్ళు దాటాయి. పోయిన నెల మదనపల్లెలో నేనిప్పుడుంటున్న ఇంటి బాత్రూములో సబ్బు మీద కాలేసి పడ్డాను. నడుము పట్టేసింది. ఫ్యాక్టరీ వాట్సాప్ గ్రూపులో లీవు మెసేజ్ పెడదామని ఫోను తీస్తే, నిజం చెబుతున్నాను, నా బొటనవేలు దానంతటదే 'సస్టెయిన్డ్' అని కుడి పక్క మాటతో మొదలుపెట్టింది. చీవాట్లు పెట్టుకుని దాన్ని తుడిపేసి, బాత్రూములో జారిపడ్డాను, రెండు రోజులు రాలేను అని చిన్న మాటల్లోనే రాశాను. గ్రూపులో ఒక్కడు కూడా ఎలా ఉన్నావని అడగలేదు. ఎవడో బొటనవేలు పైకెత్తిన బొమ్మ పెట్టాడు, అంతే. కోపమొచ్చింది. ఆ ఇరవై రెండేళ్ళ నేనే గనుక ఆ మెసేజ్ రాసుంటే పుంగనూరు నుంచి జీపేసుకుని పూలదండతో సహా వచ్చుండేవాళ్ళు. ఆ ఇరవై రెండేళ్ళవాడి మీద మొదటిసారి కాస్త జాలి, కాస్త ముచ్చట రెండూ కలిగాయి. అంతలో ఫోను మోగింది. కుప్పమక్క.

"పడినావంట?"

"అవునక్కా."

"నిజంగా పడినావా, రాసినావా?"

"నిజంగానే పడినానక్కా."

"అట్లయితే నడుముకు వేన్నీళ్ళ కాపడం పెట్టుకో. నువ్వొచ్చేదంకా ఈడ ఎవురికీ దెబ్బలు తగలకుండా నేను సూసుకుంటాలే" అని ఫోను పెట్టేసింది. మంచం మీద బోర్లా పడుకుని, నడుము పట్టుకుని, చాలాసేపు నవ్వాను.